కూతురింట క్రిస్మస్: కలకత్తా, శ్రీరాంపూర్

"ఈసారి క్రిస్మస్‌కు మీరే రావాలి" అని మా అమ్మాయి దసరా వెళ్ళీ వెళ్ళకముందే మొదలుపెట్టింది. బ్యాంకు ఉద్యోగం మీద కలకత్తా వెళ్ళింది. అక్కడే ఒక బెంగాలీ క్రైస్తవ కుటుంబంలోని అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఎంటాలీలో కాపురం పెట్టింది. పెళ్ళయ్యాక కూడా పండుగకు ఇద్దరూ గుంటూరే వచ్చేవారు. తనకంటూ ఒక ఇల్లు ఏర్పడ్డాక ఆ ఇంట్లో పండుగ ఎలా ఉంటుందో చూడకుండా, ఏటేటా మన గుమ్మంలోకే పిలుచుకోవడం బాగుండదని నాకు ఎప్పటినుంచో మనసులో ఉంది. పండుగకు అల్లుడు అత్తింటికి రావడం మన ఆచారం. అత్తమామలు మూట కట్టుకుని కూతురింటికి బయల్దేరడం తక్కువే. మా ఆయన మాత్రం ఒక్క మాటతో తేల్చేశారు: "పిల్ల పిలిచింది. వెళ్దాం."

డిసెంబర్ 21, ఎంటాలీ

హౌరా స్టేషన్‌కు అల్లుడు వచ్చాడు. స్కూల్లో ఫిజిక్స్ చెబుతాడు. తెలుగు బాగా అర్థమవుతుంది, ఆచితూచి మాట్లాడతాడు. నన్ను "మా" అనీ, ఆయన్ను "బాబా" అనీ పిలుస్తాడు. "వంతెన మీదుగా వెళ్దామా బాబా, నది కింద నుంచి వెళ్దామా?" అని అడిగాడు. ఆయనకు కావలసింది అదే. హుగ్లీ అడుగున తవ్విన సొరంగంలో మెట్రో 2024 మార్చిలో మొదలైంది. ఎస్ప్లనేడ్‌కు టిక్కెట్టు 10 రూపాయలు. నది కిందికి రాగానే సొరంగం గోడల మీద నీలం దీపాలు కనిపిస్తాయి. ఆ అర కిలోమీటరు దాటడానికి నిమిషం కూడా పట్టదు. పెట్టెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళందరూ ఆ కాసేపూ మాటలు ఆపి కిటికీల వైపు తిరిగారు. రోజూ తిరిగేవాళ్ళు కూడా.

ఇల్లు పాతకాలపు మేడలో పై అంతస్తు. ఎర్రగా నున్నగా మెరిసే గచ్చు, కిటికీలకు ఆకుపచ్చ చెక్క రెక్కలు, వీధి వైపు సన్నటి వరండా. అక్కడ తాడు కట్టిన బుట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. కూరగాయలవాడు కేక వేస్తే డబ్బు వేసి బుట్ట దించుతారు, తూకం వేసిన కూరలతో పైకి లాగుతారు. మెట్లు దిగే పని లేదు. మా ఆయన మర్నాటి నుంచి ఆ బుట్ట పని తన చేతుల్లోకి తీసుకున్నారు. రెండో రోజుకే కూరగాయలవాడు పైకి చూసి "దాదూ!" అని పిలవడం మొదలుపెట్టాడు.

అమ్మాయి మా కోసం గది సర్దింది. ఆయన చదువుకోవడానికి మంచం పక్కన దీపం, నా మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి, కిటికీలో గాజుగుడ్డతో చేసిన నక్షత్రం. నేను వంటింటి వైపు అడుగు వేయగానే భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "అమ్మా, ఈ ఇంట్లో నీకు పని లేదు. అడిగితే చెప్పు, పెడితే తిను" అంది. తన చిన్నప్పుడు, పండుగ రోజు వంటింట్లో కాళ్ళకు అడ్డం పడుతుంటే నేను ఇలాగే కూర్చోబెట్టేదాన్ని.

భోజనం బెంగాలీ వరసలో వడ్డించారు. ముందు కాస్త చేదుగా కాకరకాయ వేపుడు, తరవాత ఎర్ర కందిపప్పు, వంకాయ చక్రాల వేపుడు, ఆవపిండి పట్టించిన పాబ్దా చేప, చివర టమాటా, ఖర్జూరం కలిపిన తియ్యటి పచ్చడి. ఒకటి అయ్యాకే ఇంకొకటి. చేపను ముళ్ళు తీసి తినేదాకా తొందర పెట్టరు, పక్కనే కూర్చుని కబుర్లు చెబుతారు. అన్నీ అయ్యాక అల్లుడు మేము తెచ్చిన గోంగూర సీసా మూత తీసి, ఇంత అన్నంలో కలుపుకుని, నూనె చుక్క కూడా వేసుకోకుండా తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆపలేదు.

డిసెంబర్ 22, తాల్తలా

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే బాగా గుర్తుండిపోయే చోటు తాల్తలాలో ఒక ఇరుకు సందులోని బేకరీ. బోర్డు కూడా లేదు. కలకత్తా క్రైస్తవ కుటుంబాలకు పాత అలవాటు ఒకటుంది. కేకుకు కావలసిన సరుకంతా ఇంటి నుంచే సంచుల్లో తెచ్చి బేకరీవాళ్ళకు ఇస్తారు. వాళ్ళు మన కళ్ళ ముందే కలిపి, తమ పొయ్యిలో కాల్చి ఇస్తారు. పౌను లెక్కన కూలీ. పాళ్ళు ఎవరింటివి వాళ్ళవే. డిసెంబరు మూడో వారం నుంచి ఈ సందుల్లో రాత్రీ పగలూ తేడా ఉండదు.

పొద్దున ఆరింటికి చేరేసరికే మా ముందు పదిమందికి పైగా ఉన్నారు. సంచుల్లో పిండి, వెన్న, గుడ్ల అట్టలు, మూత బిగించిన సీసాలు. ఆ సీసాల్లో ఎండుద్రాక్ష, చెర్రీ, నారింజ తొక్క, బూడిద గుమ్మడి మురబ్బా, అల్లం మురబ్బా. రెండు నెలలుగా రమ్ములో నానుతున్నాయి. మా అమ్మాయి సంచిలో సీసాలు రెండున్నాయి. ఒకటి అందరికీ. రెండోది నారింజ రసంలో నానబెట్టినది. మా నాన్నగారు పాస్టరు, మా ఇంట్లో సారా వాసన తగిలే వస్తువు గడప దాటేది కాదు. అది గుర్తుపెట్టుకుని, నన్ను ఒక్క మాట అడగకుండా, నా కేకు పండ్లు విడిగా నానబెట్టింది. సీసా చూసేదాకా నాకు తెలియనే తెలియదు.

పనివాళ్ళందరూ ముస్లింలు. మా కేకు కలిపిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి, మోచేతుల దాకా వెన్న. నేల మీద గోనె పరిచి, పిల్లలు స్నానం చేసేంత అల్యూమినియం బేసిను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గరిటె లేదు, మిషను లేదు. అరచేత్తో వెన్ననూ పంచదారనూ బేసిను గోడకేసి రుద్దుతాడు. పసుపుగా ఉన్న వెన్న కాసేపటికి తెల్లబడుతుంది. అప్పుడు గుడ్లు ఒక్కొక్కటే, ప్రతిదాన్నీ ముందు చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, ఆ తరవాతే బేసినులోకి. తరవాత జల్లించిన పిండి, మాడ్చిన పంచదార పాకం. ఆఖర్న పండ్లు వేసి, వేళ్ళు విడదీసి అడుగు నుంచి పైకి తిప్పుతాడు, గట్టిగా రుద్దడు. ఎందుకని సైగ చేశాను. పండు చితికితే కేకు నల్లగా అయి అడుగున కూర్చుంటుందట. నా నారింజ రసం సీసా ఇచ్చినప్పుడు, చేయి సబ్బుతో కడుక్కుని వచ్చి మరో బేసిను తీశాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. పక్కదాని రమ్ము దీనికి తగలకూడదని తనే అర్థం చేసుకున్నాడు.

కాగితం పరిచిన డబ్బాల్లోకి పిండి పోశాక, ఒక్కో డబ్బా మీద పేరు రాసిన చీటీ అంటించాలి, లేకపోతే కలిసిపోతాయి. పొయ్యి ముందు వరసగా పేర్చిన డబ్బాల మీద బెంగాలీ, ఇంగ్లీషు, ఉర్దూ చీటీలు. మా అమ్మాయి ఒక చీటీ మీద పెన్సిలుతో తెలుగులో "అమ్మ" అని రాసి నా డబ్బాకు అంటించింది. సాయంత్రం తీసుకోవడానికి వెళ్తే, పెద్దాయన వందల డబ్బాల మధ్య నుంచి ముందు దాన్నే వెతికి తెచ్చాడు. అక్షరం చదవలేదు, దాని గుండ్రన చూసి పోల్చాడు. మొత్తం ఆరు పౌన్లు, కూలీ, డబ్బాలు, కాగితం కలిపి 700 లోపే అయింది. పండుగ ఇనాం కింద అమ్మాయి ఇంకో 100 చేతిలో పెడితే, ఆయన నుదుటికి తాకించుకుని "బొడొదిన్ ముబారక్" అన్నాడు. బెంగాల్లో క్రిస్మస్‌ను అందరూ బొడొదిన్ అనే అంటారు.

డిసెంబర్ 23, న్యూ మార్కెట్, వంటిల్లు

పొద్దున న్యూ మార్కెట్ వెళ్ళాం. 1902 నుంచి ఉన్న నహూమ్స్ అనే యూదుల కేకుల దుకాణం ముందు వరుస మార్కెట్టు లోపలి సందులన్నీ చుట్టి బయటికి వచ్చింది. ఇంట్లో కేకులు ఉండగా గంటల తరబడి నిలబడాలనిపించలేదు. డార్జిలింగ్ నారింజలు డజను 150 పెట్టి కొనుక్కుని తిరిగొచ్చేశాం. తొక్క పట్టుకుంటే చాలు, ఊడి వస్తుంది.

మధ్యాహ్నం కృష్ణానగర్ నుంచి మా వియ్యపురాలు లోకల్ రైల్లో దిగారు. సన్నటి మనిషి, నేత చీర, ఉన్ని శాలువా, రెండు చేతుల్లో రెండు బరువులు. ఒకటి ఘూర్ణి కుమ్మరులు చేసిన మట్టిబొమ్మల పెట్టె. కృష్ణానగర్ పక్కనే ఉన్న ఘూర్ణి మట్టిబొమ్మలకు బెంగాల్ అంతటా పేరు. పెట్టెలో గడ్డి కప్పిన పాక, ఎర్రంచు తెల్లచీరలో మరియమ్మ, భుజం మీద గంచా (తువ్వాలు) వేసుకున్న యోసేపు, గొర్రెల బదులు రెండు మేకలు, ఒక ఆవు. ఆవు మెడలో గంట కూడా మట్టిదే. రెండో సంచిలో శీతాకాలపు కొత్త బెల్లం. వీళ్ళు నొలెన్ గుడ్ అంటారు. అది ఈత బెల్లమే. మన దగ్గర ఈత చెట్టుకు ముంత కడితే కల్లు కోసం. వీళ్ళు చలికాలంలో రాత్రంతా కారిన రసాన్ని తెల్లవారకముందే దించి, పులవకముందే కాస్తారు. చలి ఎంత ఎక్కువైతే రసం అంత తీపి అని ఆవిడ చెప్పారు. పల్చటి పాకం ఒక సీసాలో, అచ్చు పోసిన పాటాలి దిమ్మలు అరిటాకులో తెచ్చారు.

ఆవిడకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. నేను "వదినగారూ" అంటాను, ఆవిడ "దీదీ" అంటారు. అమ్మాయి అప్పుడు బ్యాంకులో ఉంది, అల్లుడు స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. కూర్చోమన్న పిల్ల ఇంట్లో లేదు కదా అని వంటింట్లోకి ఇద్దరం ఒకేసారి వెళ్ళాం.

అరిసెలకు బియ్యం ముందు రోజే నానబోసి ఉంచాను. నీళ్ళు వార్చి, బట్ట మీద తడి ఆరీ ఆరకుండా ఎత్తి, మిక్సీలో కొట్టి జల్లించాం. బెల్లం తీయబోతే వదినగారు నా చేయి పట్టుకుని పాటాలి దిమ్మ చూపించారు. ఈత బెల్లంతో అరిసె నేను ఎన్నడూ చేయలేదు, మా అమ్మా చేయలేదు. పొయ్యి మీద పెట్టగానే మన చెరకు బెల్లం కంటే తొందరగా కరిగింది, పొగ తగిలిన పాల వాసన ఇల్లంతా కమ్మింది. పాకం నురగలు కట్టి పొంగుతుంటే మంట తగ్గించి, పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూశాను. కరిగిపోయింది. ఇంకాసేపటికి మళ్ళీ వేశాను. వేలికి అందింది కానీ నిలవలేదు. మూడోసారి వదినగారే నీళ్ళలో వేలు పెట్టి, చుక్కను ఉండ చేసి, పైకెత్తి నా వైపు చూశారు. ఉండ జారలేదు. "హోయ్‌ గేఛే" అన్నారు. అయిపోయిందని నాకూ తెలిసింది. నేను పిండి పోస్తుంటే ఆవిడ కలిపారు. చలిమిడి మామూలుగా కంటే ముదురు రంగులో, మెత్తగా వచ్చింది. ఆకు మీద తట్టి, నువ్వులద్ది, నూనెలో వేసి, తీసి రెండు గరిటెల మధ్య ఒత్తి పక్కన పెడుతుంటే ఆవిడ నాలుగో అరిసెకల్లా ఒత్తడం నేర్చేసుకున్నారు.

తరవాత పెనం ఆవిడది. బియ్యప్పిండీ మైదా కాస్త రవ్వా పాలతో జారుగా కలిపి, పాటిషాప్టా అనే పల్చటి అట్లు పోశారు. పెనానికి నూనె రాయడానికి వంకాయ తొడిమను కాస్త కాయతో సహా కోసి, నూనెలో ముంచి తుడిచారు. మనం సగం ఉల్లిపాయతో తుడిచినట్టే. మధ్యలో ఈత బెల్లంతో ఉడికించిన కొబ్బరి పెట్టి చాపలా చుట్టారు. ఆరింటికి అమ్మాయి తలుపు తీసుకుని వచ్చేసరికి వంటింటి గట్టు నిండా అరిసెలూ పాటిషాప్టాలూ ఆరుతున్నాయి, మేమిద్దరం నేల మీద కూర్చుని టీ తాగుతున్నాం. నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసి, హ్యాండ్‌బ్యాగు కూడా దించకుండా ఒక అరిసె నోట్లో పెట్టుకుంది. నమిలి, ఆగి, "అమ్మా, ఇది కొత్తగా ఉంది. ఇది మా ఇంటి అరిసె" అంది.

డిసెంబర్ 24, బో బ్యారక్స్, జోడా గిర్జా

సాయంత్రం బో బ్యారక్స్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం కట్టిన ఎర్ర ఇటుకల మూడంతస్తుల ఇళ్ళు, ఆకుపచ్చ కిటికీలు. తరాలుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉంటున్నాయి. వీధి పొడుగునా దీపాల తోరణాలు, గుమ్మాల ముందు బల్లలేసుకుని ఇంట్లో చేసిన కేకులు, ద్రాక్ష వైను అమ్ముతున్నారు. ఒక పెద్దావిడ మాకు కుర్చీ వేసింది. కూతురు ఆస్ట్రేలియాలో పెర్త్‌లో స్థిరపడిందట, పండుగకు పిల్లలతో వచ్చింది. "మేమూ కూతురింటికే వచ్చాం" అని మా అమ్మాయిని చూపిస్తే, ఆవిడ ఒక ముక్క కోసి కాగితంలో పెట్టి నా చేతికిచ్చింది, డబ్బు తీసుకోలేదు. తను కూడా ఒకసారి పెర్త్ వెళ్ళిందట. అక్కడ డిసెంబరు ఎండాకాలం. "నా కూతురు అన్నీ బాగానే చేసింది, కానీ నాకు నా మెట్లు కావాలి" అంది. ఆవిడ మాట నాకు అర్థమైంది, అయినా ఒప్పుకోలేకపోయాను. నా మెట్లు గుంటూరులో ఎక్కడికీ పోవు. పిల్ల మెట్లు ఎక్కి చూడటానికే ఈసారి వచ్చాను.

పార్క్ స్ట్రీట్‌లో ఆ రాత్రి నడవడానికి కూడా చోటు లేదు. వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా మనుషులే. 2011 నుంచి ప్రభుత్వమే అలెన్ పార్కులో ఉత్సవం జరుపుతోంది. దీపాలు బాగున్నాయి. నాకు అంత గుంపు పడదు, అరగంటలో బయటపడ్డాం.

అర్ధరాత్రి ఆరాధనకు ఇంటికి దగ్గరలోని సెయింట్ జేమ్స్ చర్చి. 1864 నాటిది. జంట శిఖరాలున్నాయి కాబట్టి ఊళ్ళో అందరూ జోడా గిర్జా అంటారు. మా గుంటూరులో క్రిస్మస్ అంటే తెల్లవారుజామున చలిలో తలస్నానం చేసి, కొత్తబట్టలు కట్టుకుని వెళ్ళే ఆరాధన. ఇక్కడ పన్నెండింటికి గంటలు మోగుతుంటే కొవ్వొత్తులు వెలిగించారు. ఆరాధన ఇంగ్లీషులో జరిగింది. బయటికి వచ్చాక చర్చి ఆవరణలో బెంగాలీ, ఇంగ్లీషు, హిందీ మాటలు, కౌగిలింతలు. తలకు మంకీ టోపీ పెట్టుకున్న ఒక తాతగారు మా ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపుతూ చాలాసేపు ఏదో చెప్పారు. ఆయన బెంగాలీలో, ఈయన తెలుగులో. ఇద్దరూ తృప్తిగా విడిపోయారు.

డిసెంబర్ 25, ఇల్లు

పొద్దున తొమ్మిది నుంచే గంట మోగుతూనే ఉంది. కింది అంతస్తు ముస్లిం కుటుంబం సేమ్యా పాయసం తెచ్చింది, బ్యాంకు స్నేహితులు నారింజల బుట్ట తెచ్చారు. ఆ రోజు కలకత్తాలో కేకు ముక్క తినని ఇల్లు ఉండదని అల్లుడు చెప్పాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక పళ్ళెంలో కేకు, అరిసె, పాటిషాప్టా, జయనగర్ మొవా. మొవా అంటే కనకచూర్ అనే సువాసన బియ్యం పేలాలను ఈత బెల్లంతో కట్టిన మెత్తటి ఉండ. ముట్టుకుంటే విడిపోతుంది.

భోజనానికి పద్నాలుగు మంది. వదినగారు కొబ్బరిపాలతో రొయ్యల కూర వండారు. అల్లుడు గంటన్నర సేపు గరిటె వదలకుండా మాంసం వేయించాడు. అమ్మాయి గోంగూర మాంసం, పలావు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని తననే చూస్తూ కూర్చున్నాను. గోంగూర ఉడికిందో లేదో చూడటానికి గరిటె వెనక్కి తిప్పి ఆకును గిన్నె అంచుకు అదిమింది. అది మా అమ్మ పద్ధతి. నేను ఎప్పుడూ నేర్పలేదు, మాటల్లో చెప్పనూ లేదు. ఉప్పు వేసే ముందు వంగి అత్తగారిని బెంగాలీలో ఏదో అడిగింది. ఆవిడ జవాబు చెబితే నవ్వింది. ఆ నవ్వు నాకు తెలిసినదే, ఆ భాష తెలియదు. ఆ పిల్ల ఆ ఇంటికి పూర్తిగా యజమానురాలు. నాకు ఆ గుమ్మం దగ్గర కలిగినంత నిండుదనం ఈ మధ్య కాలంలో కలగలేదు.

తినేముందు మా ఇంట్లో క్రీస్తు పుట్టిన కథ చదివేవాళ్ళం. చదివేది మా నాన్నగారు, ఆయన పోయాక మా ఆయన. ఇక్కడ అమ్మాయి తెలుగులో సగం చదివి ఆపింది. అక్కడి నుంచి అల్లుడు బెంగాలీలో అందుకున్నాడు. పశువుల తొట్టి దగ్గరికి వచ్చేసరికి బంధువుల పిల్లలిద్దరూ లేచి వెళ్ళి, మట్టిబొమ్మల పాకలో అప్పటిదాకా ఖాళీగా ఉంచిన చోట పసిబాలుణ్ణి పెట్టారు.

సాయంత్రం కృష్ణానగర్ బంధువులు ఖోల్ అనే మట్టి మృదంగం, కర్తాళాలు తీశారు. నదియా జిల్లా క్రైస్తవులు క్రిస్మస్‌కు ఖోల్ వాయిస్తూ కీర్తనలు పాడతారు. నెమ్మదిగా మొదలై, లయ పెరిగి పెరిగి, పాడేవాళ్ళు లేచి నిలబడేదాకా వెళ్తుంది. తరవాత మా వంతు. మా ఆయన తప్పెట బదులు స్టీలు పళ్ళెం తీసుకున్నారు, నేనూ అమ్మాయీ పాడాం. రెండో చరణానికి ఖోల్ మాతో కలిసింది.

డిసెంబర్ 27, టిటాగఢ్, శ్రీరాంపూర్

ఇది నా కోరిక. మా నాన్నగారు రాజమండ్రిలో క్రైస్తవ వేదాంతం చదివారు. ముందుగదిలో గోడకు వేలాడే ఆయన బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా మీద "సెరంపూర్" అనే పేరు చిన్నప్పటి నుంచి చూశాను. శ్రీరాంపూర్‌కే ఇంగ్లీషులో ఆ పేరు. తెలుగు నేల మీద పాస్టర్లు చదివే ఆ పట్టా ఇప్పటికీ సెరంపూర్ కళాశాల సెనేట్ పేరు మీదే వస్తుంది. నాన్నగారు ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

సియాల్దాలో లోకల్ ఎక్కాం. బారక్‌పూర్‌లో దిగి పడవలో నది దాటాలి. దానికి ఒక స్టేషన్ ముందే, టిటాగఢ్‌లో, దిగే జనం మమ్మల్ని కూడా తోసుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి తెచ్చేశారు. మళ్ళీ ఎక్కేలోగా రైలు కదిలింది. సరే, టీ తాగుదామని బయటికి వచ్చాం. మట్టి కప్పులో టీ 10 రూపాయలు. మేం మాట్లాడుకుంటుంటే బెంచీ చివర కూర్చున్న ముసలాయన "ఏ ఊరండి మీది?" అన్నాడు. జనపనార మిల్లులో పనిచేసి మానేసినవాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి మిల్లు పనికి వచ్చాడట. హుగ్లీ ఒడ్డు మిల్లుల వెంట తెలుగువాళ్ళ వాడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన తెలుగులో బెంగాలీ యాస, హిందీ మాటలు కలిసిపోయాయి. "మా పిల్లలకు మాట వచ్చు, రాత రాదు" అన్నాడు. మా టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు, టోటో (బ్యాటరీ రిక్షా) మాట్లాడి ఎక్కించి, పడవలు ఆగే ధోబీ ఘాట్‌కు మనిషికి 20 మించి తీసుకోవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పి పంపాడు.

పడవ దిగితే శ్రీరాంపూర్. 1755 నుంచి 1845 దాకా డేన్ల, అంటే డెన్మార్క్ వాళ్ళ, ఊరు. ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో మిషనరీలను ఉండనివ్వకపోతే విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1800లో ఇక్కడ చేరి అచ్చుకూటం పెట్టారు. కళాశాలకు సెలవులు. కాపలాదారు ముందు కాదన్నాడు. ఎందుకు వచ్చామో అల్లుడు వివరించాక ముందు ఆవరణ దాకా రానిచ్చాడు. తెల్లటి ఎత్తయిన స్తంభాలు, ఎదురుగా నది. 1818లో పెట్టిన కళాశాల అది. మా ఆయన నాన్నగారి ఫొటోను ఫోనులో తీసి నా చేతికిచ్చారు. నేను ఆ స్తంభాల ముందు దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

నదిగట్టు మీద నడుస్తూ అల్లుడికి నాకు తెలిసింది చెప్పాను. విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆయన సహాయకుడు ఆనందరాయర్ కలిసి తెలుగు చేసిన సువార్తలు 1812లో ఈ ఊళ్ళోనే అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చి 11 రాత్రి అచ్చుకూటం తగలబడింది. కాగితం, అక్షరాలు, ఏళ్ళ తరబడి రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. అందులో కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ఒకటి. అక్షరాలు పోత పోసే అచ్చులు మాత్రం దక్కాయి. కరిగిన సీసాన్ని శిథిలాల నుంచి ఏరి మళ్ళీ పోత పోశారు. కేరీ వ్యాకరణం మళ్ళీ మొదటి నుంచి రాశాడు, 1814లో అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టేది 1842లో. అంటే మా ఊరికి మిషను రాకముందే మా అక్షరాలు ఈ నది ఒడ్డున పోత పోశారు. అల్లుడు ఆగిపోయి, "మా, ఇది నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు" అన్నాడు. సీసం ఏ వేడికి కరుగుతుందో, అచ్చులు ఎందుకు కరగవో తను చెప్పాడు. అవి ఉక్కువి, రాగివి. ఆ మంట వాటికి చాలదు.

డేన్లు కట్టిన సెయింట్ ఓలావ్స్ చర్చి 2016లో బాగుచేశాక మళ్ళీ తెరిచారు. లోపల పండుగ పూలు ఇంకా వాడలేదు. 1786 నాటి డెన్మార్క్ టావెర్న్‌ను కూడా బాగుచేసి కాఫీ దుకాణం చేశారు. అక్కడ నది కనబడేలా కూర్చుని, అమ్మాయి డబ్బాలో తెచ్చిన కేకు తినడం కుదరదన్నారు, బయట గట్టు మీద తిన్నాం. నారింజ రసం కేకు, నాది.

తిరుగు ప్రయాణానికి సర్దుతుంటే వదినగారు పాటాలి దిమ్మలు అరిటాకులో చుట్టి, పైన పాత బెంగాలీ పత్రిక చుట్టి, దాని మీద నా పాత నూలు చీర ముక్క కట్టారు, రైల్లో చీమలు పట్టకుండా. పల్చటి పాకం మాత్రం రెండు వారాల్లో వాడేయమని అల్లుడి చేత మూడుసార్లు చెప్పించారు. వచ్చే డిసెంబరులో వాళ్ళు ముగ్గురూ గుంటూరు వస్తున్నారు. వదినగారు అడిగినవి రెండే: మా ఊళ్ళో ఈత చెట్లు ఎక్కడున్నాయో చూపించాలి, అరిసెల చెక్కలు ఒక జత ఆవిడ కోసం కొని ఉంచాలి. నిన్న బజారుకు వెళ్ళి చెక్కలు తెచ్చాను. చెట్ల కోసం మా ఆయన ఒంగోలు రోడ్డు వైపు రేపు వెళ్తానంటున్నారు.